ముందు కొలత, తరువాత చికిత్స



యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో మాట్లాడమని పిలుపు అందినప్పుడు నాకు సంతోషంతో పాటు సంకోచమూ కలిగింది. ఆయన పేరు చెప్పగానే క్యాన్సర్ మందు, బోదకాలు మందు గుర్తొస్తాయి. నేను ఎంచుకున్నది మలబద్ధకం. నలుగురిలో పలకడానికి ఇబ్బందిపడే మాట. అయినా ఈ వేదికకు అది తగిన విషయమేనని నా నమ్మకం.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఆయన బతుకును మలుపు తిప్పింది పేగుల జబ్బే. ఇద్దరు సోదరులను స్ప్రూ పొట్టన పెట్టుకుంది. ఆయనకూ అదే వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. చాలా ఏళ్ల తరువాత అమెరికాలో, లెడర్లీ ప్రయోగశాలలో, ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అదే మందైంది.

అయితే బయోకెమిస్ట్రీ చదివిన ప్రతివాడికీ ఆయన పేరు తెలిసింది ఒక కొలత ద్వారా. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, భాస్వరం ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి లెక్కగట్టే పద్ధతిని ప్రకటించారు. ఆ కొలత చేతికి వచ్చాకే కండరంలో దాగి ఉన్న ఫాస్ఫోక్రియాటిన్, ఆ వెనకే ఏటీపీ బయటపడ్డాయి. ఈ క్షణాన మీ పేగులు కదులుతున్నది ఆ ఏటీపీ ఇచ్చే శక్తితోనే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ముందు రోగి పేగును కొలవాలి, ఆ తరువాత చికిత్సను ఉత్తుత్తి చికిత్స (ప్లసీబో) పక్కన పెట్టి కొలవాలి. మలబద్ధకం వైద్యంలో ఈ రెండు కొలతలూ లేనప్పుడల్లా రోగి నష్టపోయాడు. నష్టపోయింది ఎక్కువగా ఆడవాళ్లు కనుక, నష్టపోయింది అనాలేమో.

1. ఒక మాట, మూడు జబ్బులు

మనవాళ్లు ఓపీకి వచ్చి "మోషన్ సాఫీగా రావడం లేదండీ" అంటారు. రోజుకు రెండుసార్లు వెళ్లినా కడుపు ఖాళీ అయినట్టు లేకపోతే అదే మాట. పది రోజులకు ఒకసారి వెళ్లినా అదే మాట. డాక్టరు చీటీ మీద రాసేదీ ఒకే మాట.

థైరాయిడ్ లోపం, నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు, పేగులో గడ్డ వంటి కారణాలేవీ లేవని తేలాక మిగిలేవి మూడు రకాలు. మొదటి రకంలో పేగు వేగం మామూలుగానే ఉంటుంది, బాధ మాత్రం ఉంటుంది. రెండో రకంలో దారి చివర తలుపు తెరుచుకోదు. ముక్కేటప్పుడు సడలవలసిన మలద్వారం కండరాలు బిగుసుకుంటాయి. మూడోది పెద్దపేగే మెల్లగా నడవడం. డాక్టర్లు దీన్ని స్లో ట్రాన్సిట్ కాన్‌స్టిపేషన్ అంటారు. నేను మందగమన మలబద్ధకం అంటాను.

ఆరోగ్యంగా ఉన్న పెద్దపేగులో రోజుకు కొన్నిసార్లు మాత్రమే పెద్ద అల పుట్టి మలాన్ని దూరంగా నెడుతుంది. నిద్ర లేచినప్పుడు, భోజనం చేశాక ఆ అలలు ఎక్కువ. పొద్దున్నే కాఫీ తాగగానే లేచి వెళ్లే అలవాటు వెనక ఉన్నది ఇదే. మందగమన రోగుల్లో ఈ అలలు తగ్గిపోతాయి, వచ్చినవీ బలహీనంగా ఉంటాయి. పేగు గోడలో లయ పుట్టించే కాజాల్ కణాలు వీళ్లలో పలచబడ్డాయని 2000లో మేయో క్లినిక్ పరిశోధకులు చూపించారు. అంటే ఇది పేగు నాడుల, కణాల జబ్బు. నీళ్లు తాగకపోవడం వల్లో, బద్ధకం వల్లో వచ్చింది కాదు. "బద్ధకం" అన్న శబ్దం జబ్బు పేరులోనే ఇమిడి ఉన్నందుకేమో, మనం రోగినే తప్పుపడుతూ వచ్చాం.

1986లో లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రికి చెందిన ప్రెస్టన్, లెనార్డ్ జోన్స్ ఇలాంటి 64 మంది స్త్రీల వివరాలు ప్రచురించారు. వారానికి ఒకసారో, అంతకంటే తక్కువో విరేచనం. చాలామందికి ఈడొచ్చే వయసులోనే మెల్లగా మొదలైంది. ఎక్స్‌రేలో పేగు వెడల్పు మామూలుగానే ఉంది. అన్నిటికంటే నన్ను ఆపింది ఒక గమనిక: పీచు తింటే వాళ్లకు మేలు జరగలేదు. ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

2. కొలతకు ముందే కత్తి

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లండన్ గైస్ ఆసుపత్రిలో సర్ విలియం ఆర్బత్‌నాట్ లేన్ అనే శస్త్రవైద్యుడు ఉండేవారు. విరిగిన ఎముకలను లోహపు పలకలతో బిగించడంలో ఘనుడు. మలం పెద్దపేగులో నిలవ ఉంటే దాని విషం రక్తంలోకి ఎక్కి నానా రోగాలూ తెస్తుందన్నది ఆయన దృఢ నమ్మకం. ఆ నమ్మకంతో మొదట పెద్దపేగును దాటవేసే ఆపరేషన్లు, తరువాత పెద్దపేగునే తీసేసే ఆపరేషన్లు చేశారు. ఆయన మోసగాడు కాదు. నోబెల్ గ్రహీత మెచ్నికోవ్ కూడా పెద్దపేగు మనిషికి అక్కరలేని అవయవమనే తలచాడు. లేన్ రోగుల్లో కొందరు నిజంగానే తేరుకున్నారు. కానీ ఎవరి పేగు నెమ్మది, ఎవరిది కాదు అని వేరుచేసే సాధనం ఆయన చేతిలో లేదు. ఆపరేషన్ లేకపోతే ఎంతమంది తేరుకునేవారో చూసే పద్ధతీ లేదు.

విచిత్రంగా, విరుగుడు అదే ఆసుపత్రిలో పుట్టింది. ఆర్థర్ హర్ట్జ్ (తరువాత హర్స్ట్ అని పేరు మార్చుకున్నారు) బిస్మత్ కలిపిన ఆహారం పెట్టి, ఎక్స్‌రేలో అది పేగు వెంట ఎలా సాగుతోందో గంటల లెక్కన చూశారు. 1909లో వచ్చిన ఆయన పుస్తకంలోనే పేగు నెమ్మది వేరు, చివరి తలుపు తెరుచుకోకపోవడం వేరు అన్న విభజన ఉంది. 1919లో అమెరికాలో వాల్టర్ అల్వారెజ్ మరో సూటి ప్రశ్న వేశారు. తలనొప్పి, నీరసం రక్తంలోని విషం వల్లే అయితే, విరేచనం అయిన నిమిషాల్లో ఎలా పోతాయి? విషం అంత త్వరగా ఇగిరిపోదు కదా! 1922లో మరొక పరిశోధకుడు ఆరోగ్యవంతుల మలాశయంలో శుభ్రమైన దూది కూరి చూశాడు. అవే లక్షణాలు వచ్చాయి. దూది తీయగానే పోయాయి.

ఇది వందేళ్ల కిందటి మాట. మన ఇళ్లలో పిల్లలకు నెలకోసారి ఆముదం పట్టించిన తరం ఈ సభలో ఇంకా ఉంది. "కడుపులో కుళ్లు ఒంటికి ఎక్కుతుంది" అని మా అమ్మమ్మ అనేది. ఆమెను నేను తప్పుపట్టను. అదే మాటను డిటాక్స్ అని పేరు మార్చి, డబ్బా మీద వేలరూపాయల ధర అచ్చువేసి అమ్మేవాళ్లను మాత్రం తప్పుపడతాను.

3. ఇరవై గుళికలు

కొలత సులభమైంది 1969లో. హింటన్, లెనార్డ్ జోన్స్, యంగ్ ఎక్స్‌రేలో కనబడే చిన్న ప్లాస్టిక్ గుళికలను మింగించి, అవి ఎప్పుడు బయటికి వస్తాయో లెక్కపెట్టారు. ఆరోగ్యవంతుల్లో మొదటి గుళిక మూడు రోజుల్లో, నూటికి ఎనభై వంతులు ఐదు రోజుల్లో బయటపడటం మామూలు. అయిదో రోజు తీసిన ఒక్క ఎక్స్‌రేలో గుళికలు ఎన్ని మిగిలాయి, ఎక్కడ మిగిలాయి అన్నది కథ చెప్పేస్తుంది. పేగంతా చెల్లాచెదురుగా ఉంటే పేగే నెమ్మది. చివర గుంపుగా ఉంటే తలుపును అనుమానించాలి.

ఇక్కడ మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. భారతీయుల పేగు పాశ్చాత్యుల పేగు కంటే వేగంగా నడుస్తుంది. వాళ్ల గడువులు మనకు పెడితే, నెమ్మదించిన పేగు కూడా మామూలుగా కనబడుతుంది. లక్నోలోని సంజయ్ గాంధీ సంస్థలో ఉదయ్ ఘోషాల్ బృందం ఇది గుర్తించి పద్ధతి మార్చింది. 0, 12, 24 గంటలకు ఇరవై చొప్పున గుళికలు మింగించి, 36, 60 గంటలకు ఎక్స్‌రేలు తీశారు. కొత్త యంత్రం ఏదీ లేదు. మన మనిషిని మన గడియారంతో కొలిచారు, అంతే. సుబ్బారావు గారు ఉంటే మెచ్చుకునే పని ఇదని నాకనిపిస్తుంది.

4. ఇసబ్‌గోల్ చెప్పిన పాఠం

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో మలబద్ధకం అన్న ప్రతి ఒక్కరికీ ఇసబ్‌గోల్ పొట్టు రాసేవాణ్ణి. తగ్గలేదంటే రెండు చెంచాలు, అప్పటికీ తగ్గలేదంటే మూడు. ఒక కాలేజీ అమ్మాయి తల్లితో పాటు వచ్చేది. కడుపు బిందెలా ఉబ్బి ఉండేది. "సార్ చెప్పినట్టు తాగడం లేదు, అందుకే ఇలా" అని తల్లి ఆ పిల్లను నా ముందే కోప్పడింది. నేను అడ్డుచెప్పలేదు. ఆ పిల్ల తాగుతూనే ఉంది. ఎక్కువ తాగిన కొద్దీ ఎక్కువ ఉబ్బుతూనే ఉంది.

1997లో జర్మనీ నుంచి వచ్చిన ఒక అధ్యయనాన్ని చాలా ఆలస్యంగా చదివాను. వోడర్‌హోల్జర్, ఆయన సహచరులు 149 మంది రోగులకు రోజుకు 15 నుంచి 30 గ్రాముల వరకు, కనీసం ఆరు వారాల పాటు, ఇసబ్‌గోల్ మొక్క గింజలే ఇచ్చారు. అందరినీ కలిపి సగటు తీసి వదిలేయలేదు. పరీక్షలు చేసి విడదీశారు. ఏ లోపమూ కనబడనివారిలో 85 శాతానికి గుణం కనిపించింది. పేగు నెమ్మదించినవారిలో 80 శాతానికి ఏ ఫలితమూ లేదు. చివరి తలుపు తెరుచుకోనివారిలో 63 శాతానికి లేదు.

దయచేసి ఈ అంకెల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. గింజ ఒకటే, మోతాదు పరిధి ఒకటే. ఒక గుంపుకు అమృతం, ఇంకో గుంపుకు బరువు. కదలని బండిలో ఇంకో బస్తా వేస్తే బండి కదలదు. ఇసబ్‌గోల్‌ను నేను నిందించడం లేదు. గుజరాత్ రైతు పండించి ప్రపంచానికి పంపుతున్న మంచి ఔషధం అది. మొదటి ఆరు వారాలు దాన్నే వాడి చూడాలి కూడా. అది పనిచేయనప్పుడు మోతాదు పెంచడం, రోగిని కోప్పడటం అన్న రెండు పనులూ మానేయాలి.

ఇలాంటి మరో గొప్ప "లేదు" 2005లో ఇటలీ నుంచి వచ్చింది. బయోఫీడ్‌బ్యాక్ అంటే, ముక్కేటప్పుడు కండరాలను ఎలా సడలించాలో తెర మీద చూపిస్తూ నేర్పే శిక్షణ. కియారియోని బృందం 52 మందికి, అందరికీ పేగు నెమ్మదించినవాళ్లకే, ఈ శిక్షణ ఇచ్చింది. ఆరు నెలల తరువాత, తలుపు సమస్య ఉన్నవారిలో 71 శాతం సంతృప్తిగా ఉన్నామన్నారు. పేగు నెమ్మది తప్ప వేరే లోపం లేనివారిలో 8 శాతమే. తలుపు మూసి ఉంటే వెనక పేగు కూడా నెమ్మదిస్తుందన్న సంగతీ ఇందులో తేలింది. అందుకే గుళికల ఎక్స్‌రేలో తేడా కనబడగానే పేగు జబ్బని ముద్ర వేయకూడదు. 50 మిల్లీలీటర్ల నీళ్లు నింపిన చిన్న బెలూన్‌ను రోగి బయటికి నెట్టగలదా లేదా ముందు చూడాలి.

5. మందులు: నూటికి ఎంతమంది?

మందుల కథ విషాదంతో మొదలవుతుంది. పేగును కదిలించే సిసాప్రైడ్‌ను ఎంతో ఆశతో రాశాం. గుండె లయ తప్పిన కేసులు 341, అందులో 80 మరణాలు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు నివేదికలుగా చేరాక, 2000లో అక్కడ అమ్మకాలు ఆగిపోయాయి. మన దేశంలో నిషేధం వచ్చింది 2011లో. ఆ పదకొండేళ్ల దూరాన్ని నేను మర్చిపోలేను. టెగాసెరాడ్‌ది మరో రకం. అన్ని పరీక్షల లెక్కలూ కలిపి చూస్తే, మందు వేసుకున్న 11,614 మందిలో 13 మందికి గుండె, మెదడు రక్తనాళాల దెబ్బలు తగిలాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 7,031 మందిలో ఒక్కరికి. 2007లో దాన్నీ ఆపారు. ఇంత చిన్న తేడా పట్టుబడిందంటే, పక్కన ఉత్తుత్తి మాత్ర గుంపు ఉండబట్టే.

తరువాత వచ్చిన ప్రుకాలోప్రైడ్ గుండె జోలికి పోకుండా పేగు మీద సూటిగా పనిచేసేలా రూపొందింది. 2008లో కామిల్లేరి బృందం 620 మందిపై పన్నెండు వారాల పరీక్ష ఫలితాలు ప్రకటించింది. వారానికి మూడు లేక అంతకంటే ఎక్కువ సంపూర్ణ విరేచనాలు అయినవారు 2 మిల్లీగ్రాముల గుంపులో 30.9 శాతం, ఉత్తుత్తి మాత్ర గుంపులో 12 శాతం.

ప్రకటనలో దీన్ని "రెండున్నర రెట్లు మెరుగు" అని రాస్తారు. రోగి పక్కన కూర్చుని చెప్పాల్సిన తీరు వేరు. "అమ్మా, నూరు మందికి ఈ మాత్ర ఇస్తే ముప్ఫైఒక్క మంది ఆ గీత దాటతారు. వాళ్లలో పన్నెండు మంది వట్టి మాత్రతోనూ దాటేవారే. మాత్ర పుణ్యం పంతొమ్మిది మందికి. మిగతా అరవై తొమ్మిది మందికి ఆ గీత అందదు, కొంత సుఖం దొరకవచ్చు." ఇలా చెబితే రోగికి మందు మీద నమ్మకం తగ్గదు, డాక్టరు మీద పెరుగుతుంది. ఇంకొక మాట. ఆ 620 మందిని లక్షణాలను బట్టి ఎంచుకున్నారు తప్ప, పేగు నెమ్మదించినవాళ్లనే ఏరి తీసుకోలేదు. అందుకని మందగమన రోగికి ఈ అంకె దగ్గరి అంచనాయే గాని సరిగ్గా ఆమె అంకె కాదు.

పాత మందులను చిన్నచూపు చూడవద్దని కూడా పరీక్షలే నేర్పాయి. మన సునాముఖి ఆకును 2021లో జపాన్‌లో 90 మందిపై నాలుగు వారాలు పరీక్షించారు. మొత్తం మీద మెరుగు కనిపించినవారు సునాముఖి గుంపులో 69 శాతం, మెగ్నీషియం ఆక్సైడ్ గుంపులో 68, ఉత్తుత్తి గుంపులో 12. ఆకు అలవాటైతే పేగు చచ్చుబడుతుందని ఏళ్ల తరబడి భయపెట్టాం. మామూలు మోతాదులో అలా జరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

6. తీగ, కత్తి

నడుము కింది నాడికి తీగ అమర్చి కరెంటు ఇచ్చే చికిత్స ఒకటుంది. 2010లో కామ్ నేతృత్వంలో యూరప్ వైద్యులు 62 మందికి తాత్కాలికంగా పెట్టి చూశారు. 45 మందికి శాశ్వతంగా అమర్చారు. అందులో 39 మందికి ఫలించిందన్నారు. పోల్చే గుంపు లేదు. అయినా ఉత్సాహం వెల్లువెత్తింది, ఆపరేషన్లు జరిగిపోయాయి.

ఆస్ట్రేలియాలో డిన్నింగ్ బృందం ఓపిక పట్టింది. యాభై మందికి పైగా మందగమన రోగులకు తీగ అమర్చి, కొన్ని వారాలు కరెంటు ఇచ్చి, కొన్ని వారాలు ఇవ్వకుండా చూశారు. ఏ వారాలు ఏవో రోగికీ తెలియదు, లెక్క రాసేవారికీ తెలియదు. 2015లో తేలిందేమిటంటే, కరెంటు ఉన్నా లేకపోయినా చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ ఒక్క "లేదు" వల్ల ఎందరు స్త్రీలు ఒంట్లో అక్కరలేని యంత్రం మోయకుండా తప్పించుకున్నారో లెక్క ఎవరూ వేయరు. కొత్త మందు కనిపెట్టినవారికి దండలు వేస్తాం. పనిచేయదని తేల్చినవారికీ వేయాలని ఈ వేదిక మీద నుంచి కోరుతున్నాను.

కత్తి విషయానికి వస్తే, లేన్ చేసిన ఆపరేషనే కొలత తోడై తిరిగి వచ్చింది. 1997లో మేయో క్లినిక్ ప్రకటించిన లెక్క చూడండి. మలబద్ధకంతో వచ్చిన 1,009 మందిని పరీక్షించి 74 మందికే పెద్దపేగు తీసే ఆపరేషన్ చేశారు. తలుపు లోపం కూడా ఉన్నవారికి ముందు శిక్షణ ఇచ్చారు. ఆపరేషన్ అయినవారిలో 97 శాతం సంతృప్తి చెందారు. మిగతా తొమ్మిది వందల పైచిలుకు మందిని కత్తి ముట్టలేదు. ఇంత జల్లెడ పట్టని చోట ఫలితాలు ఎంత చెదిరిపోతాయో మరో సమీక్ష చూపింది. 1999లో నోల్స్ బృందం 32 అధ్యయనాలను కలిపి చూస్తే, సంతృప్తి ఒకచోట నూటికి నూరు, మరోచోట 39.

7. మన ముందున్న పని

మింగితే పేగులో కంపించే బిళ్ల వచ్చింది. ఆరోగ్యవంతుల మలంలోని సూక్ష్మజీవులను మార్పిడి చేసే ప్రయత్నం చైనాలో 60 మందిపై జరిగింది. అందులో ఉత్తుత్తి గుంపు లేదు కాబట్టి ఇప్పుడే ఊగిపోనక్కరలేదు. ఇంకా వస్తాయి. వచ్చిన ప్రతిదాన్నీ రెండు ప్రశ్నలు అడగండి: ఎవరి మీద పరీక్షించారు? దేని పక్కన పెట్టి పరీక్షించారు?

ఇంటి పెద్దలకు ఒక మనవి. మీ ఇంట్లో ఆడపిల్ల వారం దాటినా విరేచనం కావడం లేదని చెబితే తిండి మీద, నీళ్ల మీద ఉపన్యాసం ఇచ్చి ఊరుకోకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా, యాభై దాటాక కొత్తగా మొదలైనా అసలే ఆలస్యం చేయకండి.

యువ వైద్యులకు మరొక మనవి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి బోధనాసుపత్రిలోనూ ఎక్స్‌రే యంత్రం ఉంది. గుళికలకు, ఒక బెలూన్‌కు పెద్ద ఖర్చు అవసరం లేదు. ఆరు వారాల ఇసబ్‌గోల్‌కు లొంగని రోగులను ఆ రెండింటితో విడదీయండి. మందగమనం అని తేలినవారిలో సునాముఖిని, ప్రుకాలోప్రైడ్‌ను, ఉత్తుత్తి మాత్రను పక్కపక్కన పెట్టి పోల్చండి. ఫలితం "లేదు" అని వచ్చినా దాచకుండా అచ్చువేయండి. దీనికి కావలసిన రోగులు మీ ఓపీ వరసలో ఇప్పటికే నిలబడి ఉన్నారు.